పూర్వపక్షం వినే ఓపిక

మీకు కొత్తగా షుగర్ బయటపడిందనుకోండి. పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర రాసిచ్చి, మూడు నెలలు పోయాక మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చారు గానీ మనసు మనసులో లేదు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ తీసి యూట్యూబ్‌లో ‘మందులు లేకుండా షుగర్ తగ్గించుకోవడం ఎలా’ అని కొట్టారు. కొర్రలూ అండుకొర్రలూ తినమని ఒకాయన, మెంతులు నానబెట్టి ఆ నీళ్లు పరగడుపున తాగమని ఒకావిడ వచ్చేశారు. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. అన్నం తగ్గించండి, రోజూ నడవండి అని డాక్టరుగారూ చెప్పే ఉంటారు.

వారం తిరిగేసరికి మీరు వెతక్కుండానే, ఫోన్ తెరవగానే అలాంటివే కనిపిస్తాయి. ఈసారి మాట కాస్త గట్టిపడుతుంది. మాత్రలు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవట. ఇంకో వారానికి, కిడ్నీలు పాడయ్యేది ఆ మాత్రల వల్లేనట. మూడో వారంలో ‘డాక్టర్లు మీకు చెప్పని నిజం’. నాలుగో వారానికి కథ మందుల కంపెనీల దాకా, ఆసుపత్రుల కమీషన్ల దాకా వెళ్తుంది. కింద కామెంట్లలో ‘నేను మానేసి ఆరు నెలలైంది, హాయిగా ఉన్నాను’ అని రాసినవాళ్లు కొల్లలు. మానేసి ఆసుపత్రి పాలైనవాళ్లు ఆ వీడియో కిందికొచ్చి ఆ సంగతి రాయరు కదా! అదుపు తప్పిన షుగర్ వల్లే కిడ్నీలూ కళ్లూ దెబ్బతింటాయన్న మాట ఈ నెల రోజుల్లో మీ చెవిన ఒక్కసారి కూడా పడలేదు. లోకమంతా ఒక్క మాట మీద ఉన్నట్టూ, మీ డాక్టరుగారే ఒంటరిగా అవతల నిలబడ్డట్టూ అనిపిస్తుంది. మాత్రలు మానేస్తారు.

ఇదే ఎకో ఛాంబర్. మనం అన్న మాటే నాలుగు గోడలకూ తగిలి, నలుగురూ అన్నట్టుగా తిరిగొచ్చి మనకే వినపడే చోటు. దీని గురించి రాసేవాళ్లు సాధారణంగా రాజకీయాలతో మొదలుపెడతారు. నేను కావాలనే షుగర్‌తో మొదలుపెట్టాను. పార్టీల పేరెత్తగానే మనకు అవతలి పార్టీవాళ్ల ఫోన్లే గుర్తొస్తాయి గానీ మన ఫోన్ గుర్తురాదు. ఈ అధ్యాయం మీ ఫోన్ గురించీ, ఇంకా ముఖ్యంగా దాన్ని పట్టుకున్న మనిషి గురించీ.

యంత్రం చేసేది, మనసు చేసేది

యంత్రం సంగతి తొందరగా చెప్పేస్తాను, అది మీకు కొంత తెలిసిందే. యూట్యూబ్‌లో జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా ఆ యాప్ చేసే సిఫార్సుల వల్లేనని ఆ సంస్థలో పెద్ద హోదాలో ఉన్న నీల్ మోహనే 2018లో చెప్పారు. అంటే మనం చూసేవాటిలో చాలా భాగం మనం అడిగినవి కావు, మన ముందు పెట్టినవి. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి కొంతకాలం పాటు ఒక లైక్‌కు ఎంత విలువ కట్టారో, కోపం బొమ్మ నొక్కితే దానికి ఐదు రెట్లు కట్టారు. ఆ సంస్థ లోపలి పత్రాలు 2021లో బయటికొచ్చినప్పుడు ఈ సంగతి తెలిసింది. తర్వాత వాళ్లే ఆ విలువ తగ్గించుకుంటూ వచ్చి చివరికి తీసేశారు. మనకు కోపం తెప్పించిన పోస్టు కింద పది నిమిషాలు పోట్లాడితే, యంత్రానికి అర్థమయ్యేది ‘ఈయనకు ఇలాంటివి ఇంకా కావాలి’ అని మాత్రమే. ఖండిస్తున్నామా, మెచ్చుకుంటున్నామా అన్నదానికంటే అక్కడ ఎంతసేపు ఉన్నామన్నదే దానికి ముఖ్యం.

మనసు సంగతి ఇంతకంటే పాతది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి యూట్యూబ్ పుట్టకముందూ మన ఊళ్లో ఉన్నాడు. పీటర్ వేసన్ అనే ఆంగ్ల మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన ఒక ప్రయోగాన్ని మీరు ఇవాళే ఇంట్లో ఆడి చూడొచ్చు. ‘2, 4, 6. ఈ మూడు అంకెలూ ఒక నియమం ప్రకారం ఉన్నాయి. ఆ నియమమేంటో కనిపెట్టు. నువ్వు మూడేసి అంకెలు చెబుతూ పో, నియమానికి సరిపోతాయో లేదో నేను చెబుతాను’ అని మీ అబ్బాయితో అనండి. ఎక్కువమందిలాగే వాడూ 8, 10, 12 అంటాడు. సరిపోయింది. 20, 22, 24 అంటాడు. అదీ సరిపోయింది. ‘రెండేసి చొప్పున పెరిగే సరిసంఖ్యలు’ అని ధీమాగా తేల్చేస్తాడు. తప్పు. నియమం అంతకంటే చాలా చిన్నది: వెనకటి అంకె కంటే తర్వాతది పెద్దదైతే చాలు. 1, 2, 3 అన్నా సరిపోతుంది, 5, 40, 900 అన్నా సరిపోతుంది. ఆ సంగతి తెలియాలంటే తన ఊహకు సరిపడని అంకెలు ఏవో ఒకటి, 3, 7, 8 లాంటివి, చెప్పి చూడాలి. ‘కాదు’ అనే జవాబు వచ్చినా పరవాలేదనుకుని అడగాలి. మనకది చేతకాదు. ‘అవును’ వచ్చే ప్రశ్నే మళ్లీ మళ్లీ అడిగి, అవునులు పోగవుతున్న కొద్దీ నమ్మకం పెంచుకుంటాం.

‘మందులు లేకుండా షుగర్ తగ్గించుకోవడం ఎలా’ అన్నది 8, 10, 12 లాంటి ప్రశ్న. దానికి ‘అవును, తగ్గుతుంది’ అన్న జవాబే వస్తుంది. అందుకని వెతికే ప్రతిసారీ రెండో ప్రశ్న కూడా కొట్టడం అలవాటు చేసుకోండి: ‘షుగర్ మందులు మానేస్తే ఏమవుతుంది’. ఈ అధ్యాయంలో చెప్పేవాటన్నిటిలోకీ తేలికైన పని ఇదే. అర నిమిషం పట్టదు. ఒక నాయకుడి గురించి ‘అవినీతి’ అని వెతికితే అదే నాయకుడి గురించి ‘చేసిన పనులు’ అని కూడా వెతకండి. మీకు నచ్చిన నాయకుడైతే ముందు అవినీతి వెతకండి.

వినపడకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు

ఇక్కడే ఒక తేడా పట్టుకోవాలి. సి. తి న్యుయెన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు 2020లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని బాగా విడమరిచారు. అవతలి మాట మనదాకా రాకపోవడం ఒక పరిస్థితి. వచ్చినా, అది పలికిన నోరే నమ్మదగింది కాదని ముందే మనకు ఎక్కించి ఉంచడం ఇంకో పరిస్థితి. మొదటిదానికి మందు సులువు, కిటికీ తెరిస్తే గాలి వస్తుంది. రెండోదానికి కిటికీ తెరిచినా లాభం లేదు. వచ్చేది విషపుగాలి అని లోపలున్నవాళ్లు మనకు ముందే చెప్పి ఉంచారు. న్యుయెన్ దృష్టిలో అసలైన ఎకో ఛాంబర్ ఈ రెండోదే.

మన దగ్గర ఇది బాగా అర్థమవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏ పత్రిక ఎవరి వైపో, ఏ ఛానెల్ ఎవరిదో టీ కొట్టు దగ్గర ఎవర్ని అడిగినా చెబుతారు. అవతలి పత్రిక ఏం రాసిందో తెలియక కాదు మనం విననిది. ‘ఆ పేపరులో వచ్చిందా, అయితే అబద్ధమే’ అని తేల్చేయడం వల్ల. ఆ పత్రికలో వచ్చిన వంతెన కూలిన వార్త కూడా అందుకే మనకు ఎక్కదు. కూలిన వంతెన ఏ పార్టీదీ కాదు, దాని మీద నడిచే జనానిది.

కాబట్టి మీరు అలాంటి చోట ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే ఎన్ని ఛానెళ్లు చూస్తున్నారని లెక్కపెట్టుకుంటే చాలదు. మీ గ్రూపులో అవతలివాళ్లను ఏమని పిలుస్తున్నారో గమనించండి. పేరు పెట్టి పిలుస్తున్నారా, ‘పెయిడ్ బ్యాచ్’ అనీ ‘అమ్ముడుపోయిన బ్యాచ్’ అనీ అంటున్నారా? డబ్బు తీసుకుని మాట్లాడుతున్నాడని అన్నాక వాడు చెప్పే విషయం వినే అవసరమే ఉండదు. అందుకే ఆ మాటకు అంత గిరాకీ. నిన్నటిదాకా మీలో ఒకడిగా ఉన్నవాడు ఒక్క విషయంలో ‘ఇది మనవాళ్ల తప్పే’ అన్నప్పుడు ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. అతనితో వాదించారా, లేక ద్రోహి అని గ్రూపు నుంచి తీసేశారా? ఇది హీరోల అభిమాన సంఘాల నుంచి కులసంఘాల గ్రూపుల దాకా, ధ్యాన మండలుల దాకా అన్నిచోట్లా పనికొచ్చే పరీక్ష. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పనికొస్తుంది. ఊళ్లో ఉన్నవాడికి రోడ్డు పడిందో లేదో కళ్లకు కనిపిస్తుంది. డాలస్‌లో ఉన్నవాడికి ఊరు తెర మీదే కనిపిస్తుంది.

ఇంకొక గుర్తు కూడా చెప్పాలి. మీ పక్షం తప్పు చేసిందని మీరే ఒప్పుకున్న విషయం ఈ ఏడాదిలో ఒక్కటైనా ఉందా? వెంటనే గుర్తురాకపోతే, తప్పులు చేయని పక్షంలో మీరు ఉండటం కంటే, వాటి గురించి వినని చోట ఉండటమే ఎక్కువ సంభవం.

అవతలి శిబిరం కేకలు మందు కాదు

‘సరే, రేపటి నుంచి రోజూ అవతలివాళ్ల ఛానెల్ కూడా చూస్తాను’ అని చాలామంది మంచి మనసుతో తీర్మానించుకుంటారు. దయచేసి తొందరపడకండి. క్రిస్ బెయిల్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సరిగ్గా దీన్నే అమెరికాలో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించింది. ట్విట్టర్ వాడే రెండు పార్టీల మద్దతుదారులూ అవతలి పక్షం నాయకుల, వ్యాఖ్యాతల సందేశాలను నెల రోజుల పాటు చూసేలా ఏర్పాటు చేశారు. ఆ నెల తర్వాత రిపబ్లికన్లు తమ పక్షానికి ఇంకా దగ్గరయ్యారు. డెమొక్రాట్లు మెత్తబడ్డట్టూ కనిపించలేదు. 2020 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో 23 వేలకు పైగా జనానికి మూడు నెలల పాటు తమవాళ్ల పోస్టులను మూడోవంతు దాకా తగ్గించి చూపించారు. ఆ అధ్యయనం 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. వాళ్ల అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఇవి చదివి నిరాశపడక్కర్లేదు. ఫీడ్ ఒక్కటి మారిస్తే మనిషి మారడని ఇవి చెబుతున్నాయి. అవతలి శిబిరంలో గట్టిగా అరిచే గొంతు మనదాకా వస్తే మనలో కలిగేది రోషమే, ఆలోచన కాదు. మనకు కావాల్సింది అవతలివాళ్లలో నెమ్మదిగా, కారణం చెప్పి మాట్లాడే మనిషి. అలాంటివాడు ఫీడ్‌లో తనంతట తాను రాడు. వెతుక్కోవాలి.

మన దేశంలో దీనికి ఒక పాత కసరత్తు ఉంది. శాస్త్రగ్రంథాల్లో తన సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా నిలబెట్టేవారు. ముందు అది, తర్వాతే ఖండన. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఒక మాట నిలబెట్టకుండా అవతలి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మన ఫోన్లలో చర్చ అనే పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ రెండోవీ మూడోవీ.

పూర్వపక్షం రాయడంలో ఒక ప్రమాదమూ ఉంది. చార్వాకుల గ్రంథాలు దాదాపుగా మనకు దక్కలేదు. వాళ్లేమన్నారో మనకు తెలిసింది చాలావరకు వాళ్లను కాదన్నవాళ్లు రాసిన పుస్తకాల వల్లే. 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో, మాధవాచార్యులు రాసిన సర్వదర్శన సంగ్రహం చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది. తాను ఒప్పుకోని మతానికి మొదటి అధ్యాయం ఇవ్వడం పెద్ద మనసే. కానీ అక్కడ కనిపించే చార్వాకుణ్ని నిజమైన చార్వాకుడు చూస్తే ‘అవును, నా మాట ఇదే’ అని ఉండేవాడా? చెప్పడానికి వాళ్లు లేరు. మీ విషయంలో అవతలివాళ్లు ఉన్నారు. పక్కింట్లో ఉన్నారు, ఆఫీసులో పక్క కుర్చీలో ఉన్నారు. మీరు రాసిన పూర్వపక్షాన్ని వాళ్లకే చూపించి, ఒప్పుకుంటారో లేదో అడగొచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. ఆ నెలలన్నీ తెలుగు సోషల్ మీడియా రెండుగా చీలిపోయింది. మీరు తెలుగు మీడియం వైపు అనుకోండి. అవతలివాళ్ల వాదం చెప్పమంటే ‘వాళ్లకు ఇంగ్లిష్ మోజు, అమ్మభాష అంటే చిన్నచూపు’ అన్నారా, అది పూర్వపక్షం కాదు, తిట్టు. ఇప్పుడు కూలికి వెళ్లే తల్లి నోట విని చూడండి: ‘తెలుగు గొప్పదనం చెప్పే పెద్దలందరి పిల్లలూ కాన్వెంటుకే పోతున్నారు. మా వాడు పదో తరగతి దాకా తెలుగులో ఫస్టు మార్కులు తెచ్చుకుని, ఇంజినీరింగ్ మొదటి ఏడు క్లాసులో చెప్పేది అర్థంకాక వెనకబడిపోయాడు. ఉద్యోగం ఇచ్చేవాడు ఇంగ్లిష్‌లో అడుగుతుంటే, మా పిల్లల్ని మాత్రమే తెలుగును కాపాడమంటే ఎట్లా?’ ఈ మాటకు జవాబు వెతుక్కోవాలి. తిట్టుకు జవాబు వెతకనక్కర్లేదు, అందుకే మనకు తిట్టు సుఖంగా ఉంటుంది.

మీరు ఇంగ్లిష్ మీడియం వైపు అయితే, ‘పేదపిల్లలు పైకి రావడం వాళ్లకు ఇష్టంలేదు’ అనే మాట పక్కన పెట్టండి. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పిన టీచరమ్మ మాట వినండి: ‘ఇంట్లో ఎన్నడూ వినని భాషలో కూడికలు చెబితే పిల్లాడికి కూడికా రాదు, భాషా రాదు. బట్టీ పడతాడు. ముందు తనకొచ్చిన భాషలో చదవడం పట్టుబడితే ఇంగ్లిష్ ఆ తర్వాత తొందరగానే పట్టుబడుతుంది. ఇంగ్లిష్ వద్దనడం లేదు, ఏ వయసులో, ఎట్లా అన్నదే నా ప్రశ్న.’ ఈ ఇద్దరు ఆడవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెడితే చాలా విషయాల్లో ఏకాభిప్రాయానికి వచ్చేస్తారని నా నమ్మకం. వాళ్లిద్దరి గొంతులూ ఫీడ్‌లోకి రాలేదు. వచ్చినవి మోజు, కుట్ర, ద్రోహం అన్న మాటలు.

మీకు బాగా పట్టింపు ఉన్న విషయం ఒకటి తీసుకుని ఇలాగే పది వాక్యాలు రాయండి. టైపు చేయకుండా కాగితం మీద రాస్తే మంచిది. కాపీ పేస్టుకు వీలుండదు. రాశాక ఆ వైపు మనిషికి చూపించండి. ‘నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పావు’ అన్నప్పుడే అది పూర్తయినట్టు. ఆ తర్వాత మీ అభిప్రాయం మారకపోవచ్చు. నా అనుభవంలో చాలాసార్లు మారదు కూడా. కానీ అవతలివాడు మూర్ఖుడో దొంగో అయి ఉంటాడన్న ఊహ మాత్రం నిలవదు.

ఒక జాగ్రత్త. అన్ని విషయాలకూ రెండు సమాన పక్షాలుండవు. షుగర్ మాత్రల వీడియోకు జవాబు ఇంకో వీడియో కాదు. గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది, దాన్ని చదివి చెప్పే డాక్టరున్నారు. కొలిచి చూడగల విషయాన్ని కొలిచే తేల్చుకోవాలి. పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పాలి, రాజధాని ఎక్కడుండాలి, రిజర్వేషన్లు ఎవరికి అన్నవి విలువలూ అవసరాలూ కలిసిన ప్రశ్నలు. పూర్వపక్షం అవసరమయ్యేది అక్కడ.

ఇంట్లో, ఫోన్‌లో

ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు తలా ఒక ఫోన్ తీసి యూట్యూబ్‌లో ‘అమరావతి’ అని ఒక్క మాట కొట్టండి. మొదటి పది వీడియోలూ పక్కపక్కన పెట్టి చూడండి. నాన్న ఫోన్‌లో ఎర్ర బాణం గుర్తులతో ‘షాకింగ్’, ‘బిగ్ బ్రేకింగ్’ ఉండొచ్చు. కూతురి ఫోన్‌లో ఇళ్ల స్థలాల రేట్లో, బౌద్ధ స్తూపమో ఉండొచ్చు. ఒక ఇంటి కప్పు కింద ఎన్ని అమరావతులున్నాయో పిల్లలకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. నా మటుకు, ఈ విషయం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ పది నిమిషాలు చేసే పని చేయలేవు.

సెట్టింగుల సంగతి క్లుప్తంగా. యూట్యూబ్‌లో పాత వాచ్ హిస్టరీ చెరిపేసి, ఇక ముందు నమోదు కాకుండా ఆపేస్తే హోమ్ పేజీలో సిఫార్సులు రావడం దాదాపు ఆగిపోతుంది. ఏం చూడాలో మీరే వెతుక్కోవాలి. అది మంచిదే. ఆటోప్లే ఆపండి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ‘ఫర్ యూ’ బదులు ‘ఫాలోయింగ్’ వాడండి. కోపం తెప్పించిన పోస్టు కింద కామెంటు పెట్టకుండా ‘నాట్ ఇంట్రెస్టెడ్’ నొక్కి ముందుకెళ్లండి.

ఎవరు చెబుతున్నారో తేల్చుకోవడానికి మాత్రం కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్ర ఆచార్యులకూ, విద్యార్థులకూ, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లకూ ఒకే వెబ్‌సైట్లు ఇచ్చి, ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. చదువుకున్న ఆచార్యుల్లోనూ చాలామంది ఆ పేజీలోనే ఉండి, పైనుంచి కిందిదాకా చదివి, అందమైన లోగో చూసి బోల్తాపడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం కొన్ని క్షణాల్లోనే ఆ పేజీ వదిలేసి, బయట వేరే చోట్ల ఆ సంస్థ గురించి ఎవరేమన్నారో వెతికారు. మనమూ అదే చేయాలి. వీడియోలో తెల్లకోటు వేసుకున్నాయన మాట మధ్యలోనే ఆపి, ఆయన పేరు బయట వెతకండి. ఏం చదివారు, ఎక్కడ పనిచేస్తున్నారు, వీడియో కింద లింకులో ఏ పొడి డబ్బా అమ్ముతున్నారు? తెలుగులో వచ్చిన అనుమానాస్పద ఫోటోలకూ వీడియోలకూ హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే వివరణలు ఇస్తున్నాయి. వాటి తీర్పు కూడా కళ్లు మూసుకుని తీసుకోకండి. వాళ్లు చూపించిన ఆధారం తెరిచి చూడండి.

ఇంకో పని. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే వారానికొకసారి వెళ్లి గంటసేపు కూర్చోండి. అక్కడ ఒకే బల్ల మీద అన్ని పత్రికలూ పరిచి ఉంటాయి. ఒకే సంఘటనకు నాలుగు శీర్షికలు పక్కపక్కన కనిపిస్తాయి. అవతల కూర్చుని చదివేవాడు ఏ పార్టీవాడో మీకు తెలియదు, ఆయనకు మీ సంగతీ తెలియదు. ఇంత మంచి సదుపాయం ఏ యాప్‌లోనూ నేను చూడలేదు.

బాబాయ్‌తో ఎలా మాట్లాడాలి

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు దేశమంతా పాకింది. అప్పుడు తిరిగిన వీడియోల్లో ఒకటి, బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోయేది. అది కరాచీలో పిల్లల భద్రత మీద అవగాహన కోసం తీసిన చిన్న చిత్రం. చివర్లో ఆ బైకువాళ్లే పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపి ఒక అట్ట చూపిస్తారు. మన ఫోన్లకు వచ్చిన వీడియోలో ఆ చివరి ముక్క కత్తిరించేశారు. ఆ మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. పంపినవాళ్లెవరూ హంతకులం అనుకోలేదు. ‘నలుగురికీ తెలిస్తే మంచిదే కదా’ అనుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే.

అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఏం చేశారో గమనించదగ్గది. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే పల్లెజనం తలుపులు బిడాయించుకుని లోపల పడుకోవడం బీటు పోలీసులు చూశారు. కారణం ఫోన్లలో వచ్చిన భయంకరమైన వీడియోలని తేలింది. ఆవిడ పోలీసులను ఊరూరికీ పంపి మాట్లాడించారు, జానపద కళాకారులతో డప్పు కొట్టించి పాటల రూపంలో చెప్పించారు. ఆమె పరిధిలోని పల్లెల్లో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి ఐదు చాట్‌లకే పరిమితం చేసింది. అదీ అవసరమే. కానీ భయం పట్టుకున్న మనిషికి ధైర్యం వచ్చింది తెలిసిన ముఖం గుమ్మం ముందుకొచ్చి మాట్లాడినప్పుడు.

మీ కుటుంబ గ్రూపులో ఆ తెలిసిన ముఖం మీరే. బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టారు. పైన జంట బాణాల గుర్తు ఉంది, అంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. అందరి ముందూ ‘ఇది ఫేక్’ అని పెట్టారో, ఆయన పరువు సమస్య అవుతుంది. రేపటి నుంచి మీరూ అవతలి బ్యాచ్‌లో చేరినట్టే. ఫోన్ చేయండి. ‘బాబాయ్, బాగున్నారా? పొద్దున పెట్టిన వీడియో చూశాను, నాకూ భయమేసింది. ఎక్కడిదా అని వెతికితే పాతదని తేలింది. లింకు పంపిస్తున్నా, మీరే చూసి గ్రూపులో చెప్పండి’ అనండి. దిద్దే అవకాశం ఆయనకే ఇవ్వండి. పెద్దరికం నిలుస్తుంది, తప్పుడు వార్తా ఆగుతుంది.

విషయం నలుగురికీ ప్రమాదం తెచ్చేదైతే మాత్రం, మందులు మానేయమనో, ఫలానా వీధివాళ్లను రానీయొద్దనో అయితే, గ్రూపులోనే మర్యాదగా కాదనాలి. మీరొక్కరే అయినా సరే. సాలమన్ ఆష్ 1951లో చేసిన ప్రయోగంలో, గీతల పొడవు కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నా, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబితే జనం మూడింట ఒకసారి ఆ తప్పే తామూ చెప్పారు. గదిలో ఒక్క మనిషి సరైన జవాబు చెప్పినప్పుడు ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి. మీ గ్రూపులో మాట్లాడకుండా చదువుతున్న అత్తయ్యలు, బావలు, చిన్నపిల్లలు ఉంటారు. ఆ ఒక్క మనిషి కోసం ఎదురుచూస్తున్నది వాళ్లే.

మీ మాటకు బాబాయ్ కోపగించుకోవచ్చు, ఇంకో వీడియో పంపవచ్చు. దాన్ని పూర్తిగా చూడండి, అందులో నిజమున్న ముక్క ఉంటే ముందు అది ఒప్పుకోండి, తర్వాతే మిగతాది మాట్లాడండి. ‘మరి నువ్వు మొన్న పెట్టినదానికి ఆధారమేదిరా’ అని ఆయన అడిగితే నొచ్చుకోకండి. వెతికి పంపండి. దొరక్కపోతే, దొరకలేదని అదే గ్రూపులో, అందరూ చూసేలా రాయండి.